అమ్మానాన్నలతో అమెరికాలో కారు ప్రయాణం: సీమవాసులు చూడదగిన ఆరు చోట్లు

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు మొదట గ్రాండ్ కెన్యన్ చూపించడం ఆనవాయితీగా మారింది. అయితే గండికోట అంచున నిలబడి పెన్నను చూసినవారికి, బెలుం గుహల్లో చెమటోడుస్తూ నడిచినవారికి నెవాడా, యూటా, అరిజోనా రాష్ట్రాల ఎండు నేలలో జనం తక్కువగా వెళ్ళే చోట్లు మరింత ఆప్తంగా తోస్తాయని మా అనంతపురం నుంచి వెళ్ళివచ్చిన నా అనుభవం. ఆ రాయీ, ఆ నీటి కొరతా మనకు కొత్త కావు.

లాస్ వేగాస్‌లో కారు అద్దెకు తీసుకుని అక్కడికే తిరిగివచ్చేలా దారి వేసుకోవాలి. మొత్తం 1,200 మైళ్ళు పైబడుతుంది కాబట్టి పెద్దవారితో వెళ్తే ఏడు రాత్రులైనా కేటాయించాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలం. ఖర్చు విషయంలో ఒక సంగతి గమనించాలి: 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని పెద్దలు గ్రాండ్ కెన్యన్, జయన్ వంటి 11 పార్కుల్లో ఒక్కొక్కరు 100 డాలర్లు అదనంగా చెల్లించాలనే నిబంధన వచ్చింది, ఇక్కడ చెప్పే చోట్లేవీ ఆ జాబితాలో లేవు.

మొదటి మజిలీ వేగాస్‌కు ఉత్తరంగా దాదాపు 300 మైళ్ళ దూరంలో ఉన్న గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు. దీనికి ప్రవేశ రుసుము లేదు కానీ, ఇక్కడి లేమన్ గుహలను పార్కు ఉద్యోగి అయిన రేంజర్ వెంట మాత్రమే చూడాలి కనుక టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. బెలుంలో ఉక్కపోతకు అలవాటుపడినవారు ఇక్కడ స్వెటర్ తప్పక వేసుకోవాలి. లోపల ఏడాది పొడవునా దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చలి ఉంటుంది. ఇంకో గుహలో తొడిగిన చెప్పులు, బట్టలు ఇక్కడికి తేకూడదు. గబ్బిలాలను చంపే ఒక శిలీంధ్రం వాటి ద్వారా వ్యాపిస్తుందన్న భయమే అందుకు కారణం కాబట్టి, బెలుంకు వేసుకెళ్ళిన బూట్లను ఇంట్లోనే వదిలి రావాలి. వీలర్ శిఖరం వైపు కారు దారి 10,000 అడుగుల ఎత్తు వరకు వెళ్తుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగడం మంచిది.

అక్కడి నుంచి తూర్పుగా వెళ్తే యూటాలోని డెల్టా వరకు దాదాపు 100 మైళ్ళు ఊళ్ళు లేని దారి. ట్యాంకు సగానికి దిగగానే పెట్రోలు నింపుకోవడం, మ్యాపును ఫోన్‌లో ముందే దించుకోవడం, మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు కారులో ఉంచుకోవడం ఈ ప్రయాణమంతటా పాటించాలి. హోటళ్ళు అరుదు కాబట్టి బొరుగులు, చెనక్కాయల పొడి, చిన్న రైస్ కుక్కర్ వెంట ఉంటే పెద్దవారు ఇబ్బంది పడరు.

తరువాతిది క్యాపిటల్ రీఫ్. దాదాపు 100 మైళ్ళ పొడవున నేల మడతపడి లేచిన ఎర్రరాతి గోడ కింద, 1880లలో స్థిరపడిన మోర్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు ఫ్రూటా అనే చోట ఏటి నీళ్ళతో పండ్లతోటలు వేశాయి. చీనీ తోటకు నీళ్ళు పెట్టిన రైతు ఎవరైనా అక్కడ ఒక పూట ఆగకుండా ఉండలేరు. కాపు ఉన్నప్పుడు తోటలో నిలబడి తినే పండుకు వెల లేదు. వెంట తీసుకెళ్ళేవాటిని తూచి, డబ్బులు పెట్టెలో వేయాలి. మా ప్రయాణంలో ఎక్కువసేపు గడిపింది ఇక్కడే.

హ్యాంక్స్‌విల్‌లో పెట్రోలు నింపుకుని 95వ నంబరు రోడ్డు పట్టుకుంటే నేచురల్ బ్రిడ్జెస్ వస్తుంది. నీరు తొలిచిన మూడు రాతి వంతెనలను తొమ్మిది మైళ్ళ చుట్టుదారిలో కారు ఆపుకుంటూ చూడవచ్చు. 2007లో ప్రపంచంలోనే తొలి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా, అంటే దీపాల వెలుగు సోకని చీకటి ఆకాశం ఉన్న పార్కుగా గుర్తింపు పొందిన చోటు ఇది. అమావాస్య దగ్గరి రాత్రి చూసుకుని వెళ్ళాలి. దక్షిణానికి మోకీ డగ్‌వే అనే కంకర ఘాట్ రోడ్డు దగ్గరి దారే అయినా, పెద్దవారితో బ్లఫ్ అనే ఊరి మీదుగా చుట్టి వెళ్ళడమే క్షేమం.

గూస్‌నెక్స్ దగ్గర అరగంట చాలు, కానీ మానుకోవద్దు. వెయ్యి అడుగుల లోతున శాన్ హువాన్ నది ఆరు మైళ్ళు వంకలు తిరిగి, తీరా ముందుకు సాగేది ఒకటిన్నర మైలు మాత్రమే. కారు అంచు దాకా వెళ్తుంది.

అరిజోనాలోని కెన్యన్ డి షే అనే లోయ నవాహో అనే ఆదివాసీ ప్రజల సొంత నేల. లోయలో వారి కుటుంబాలు నేటికీ సేద్యం చేస్తున్నాయి కనుక నవాహో గైడ్ లేకుండా కిందికి దిగకూడదు, అనుమతి అడగకుండా మనుషుల ఫొటోలు తీయకూడదు. అంచు మీది నుంచి దాదాపు 800 అడుగుల స్పైడర్ రాక్‌ను ఉచితంగా చూడవచ్చు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని అరిజోనా పాటించదు, నవాహోల సొంత పాలనలోని ఈ ప్రాంతం (నవాహో నేషన్) పాటిస్తుంది. మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా ఇక్కడి గడియారం మిగతా అరిజోనా కంటే ఒక గంట ముందుంటుందని మరిస్తే గైడ్‌తో కుదుర్చుకున్న వేళ తప్పిపోతుంది.

చివరగా 40వ నంబరు హైవే మీద పెట్రిఫైడ్ ఫారెస్ట్, అంటే 20 కోట్ల ఏళ్ళకు పైబడిన చెట్లు రాయిగా మారిన చోటు. పార్కులో చిన్న ముక్క తీసినా నేరమే. జ్ఞాపకంగా కావాలంటే ప్రైవేటు భూముల్లో తవ్విన ముక్కలను హోల్‌బ్రూక్ దుకాణాల్లో కొని, బిల్లు దాచుకోవాలి. అక్కడి నుంచి అదే హైవే మీద పడమరగా కింగ్‌మన్ దాకా వెళ్ళి, వేగాస్ వైపు తిరగాలి.