గుర్రానికి ప్రోటీన్ పెడుతున్నా కండ పట్టడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

దాణా సంచి మీద “ప్రోటీన్ 14 శాతం” అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో లైసిన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఎంతో చాలా సంచుల మీద ఉండదు, ఉన్నా అడుగున ఎక్కడో కనిపిస్తుంది. చూడాల్సింది మాత్రం అదే.

తిన్న ప్రోటీన్ చిన్నపేగులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. కండ, గిట్ట, వెంట్రుక, పాలు అన్నీ వాటితోనే తయారవుతాయి. వీటిలో పది రకాలను గుర్రం ఒళ్ళు సరిపడా తయారు చేసుకోలేదు, మేతలోంచే రావాలి. ఒకే రంగుల వరుసలో పూసల దండ గుచ్చుతున్నారనుకోండి. ఎర్ర పూసలు అయిపోతే మిగతా రంగులు డబ్బా నిండా ఉన్నా దండ అక్కడే ఆగిపోతుంది. మామూలు మేతలో ముందుగా తక్కువ పడేది లైసిన్, ఆ తర్వాత థ్రియోనిన్, మెథియోనిన్. వాడకానికి రాకుండా మిగిలినవాటిని ఒళ్ళు దాచుకోలేదు. వాటిలోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది.

లక్షణం: పొట్ట నిండుగానే ఉంది, వీపు మీద కండ మాత్రం కరిగిపోతోంది

వెన్నెముక రెండు పక్కలా చేత్తో తడిమి చూడండి. కండ నిండుగా ఉండాల్సిన చోట పల్లం తగిలితే, మెడ-వీపు కలిసే చోట వెనకాల గుంట పడితే, తుంటి ఎముకలు కోణాలు తేలితే అది కండ తగ్గడమే. పక్కటెముకల మీద కొవ్వు ఉండి కూడా ఇలా జరగొచ్చు. చూసినవాళ్ళు “బాగానే ఉందిగా” అనేది ఆ కొవ్వును చూసే.

కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 500 కిలోల గుర్రం, పని లేకుండా ఉన్నది, రోజుకు 9 కిలోల ఎండుగడ్డి తింటుందనుకుందాం. గడ్డిలో ప్రోటీన్ 8 శాతం ఉంటే 720 గ్రాములు వచ్చాయి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007 పట్టిక ప్రకారం ఈ గుర్రానికి కావాల్సింది 630 గ్రాములే. ప్రోటీన్ మిగిలింది కూడా! కానీ గడ్డి ప్రోటీన్‌లో లైసిన్ సుమారు మూడున్నర శాతం అనుకుంటే అందేది 25 గ్రాములు, కావాల్సింది 27. ఇక మధ్యస్థంగా పని చేసే గుర్రానికైతే 33 గ్రాములు కావాలి. ముదిరిపోయాక కోసిన గడ్డి అయితే ఈ లెక్క ఇంకా దిగజారుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని మొక్కజొన్న పెంచడం. కిలో మొక్కజొన్నలో లైసిన్ రెండున్నర గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. దాంతో ఒంటికి కొవ్వు పడుతుంది తప్ప వీపు నిండదు. ఓట్స్ కాస్త మెరుగు, అయినా లోటు తీర్చేంత కాదు. అవిసె చెక్కలో ప్రోటీన్ 30 శాతం దాటుతుంది, వెంట్రుకలకు మెరుపు వస్తుందని పేరు కూడా ఉంది. లైసిన్ విషయంలో మాత్రం అది బలహీనమే.

పరిష్కారం: నా ఓటు సోయా చెక్కకే. అరకిలోలో దాదాపు 14 గ్రాముల లైసిన్ దొరుకుతుంది. పైన చెప్పిన ఖాళీ గుర్రానికి పావుకిలో చాలు. రెండు కిలోల మామూలు గడ్డి తీసేసి అంతే లూసర్న్ (ప్రోటీన్ ఎక్కువుండే పశుగ్రాసం) పెట్టినా సుమారు 10 గ్రాములు అదనంగా వస్తుంది. ఏది మార్చినా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. పచ్చి సోయా గింజలు పెట్టొద్దు. వాటిలో ప్రోటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థాలుంటాయి, వేడి చేస్తేనే పోతాయి. మాడితే మళ్ళీ లైసినే పాడవుతుంది.

రెండు షరతులు. మొదటిది, మొత్తం మేతే చాలకపోతే పెట్టిన అమైనో ఆమ్లాలను కూడా ఒళ్ళు శక్తి కోసం కాల్చేస్తుంది. పక్కటెముకలు తేలిన గుర్రానికి ముందు కడుపు నిండాలి. రెండోది, పని లేకుండా కండ పెరగదు. ముసలి గుర్రమైతే దాణా మార్చేముందే పళ్ళు, నట్టలు చూపించండి. పిట్యూటరీ గ్రంథి జబ్బులో కూడా వీపు కండ ఇలాగే కరుగుతుంది, దానికి రక్తపరీక్ష కావాలి. జీను సరిగా కూర్చోక పల్లాలు పడ్డా మేతతో సరికాదు.

లక్షణం: గిట్ట అంచులు పెచ్చులూడుతున్నాయి, నాడా నిలవడం లేదు

గిట్ట గోడ కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దానికి బిగువు ఇచ్చేది గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, అది మెథియోనిన్ నుంచి వస్తుంది. మెథియోనిన్, జింక్, రాగి, బయోటిన్ (ఒక బి విటమిన్) వీటిలో ఏది తగ్గినా గిట్ట పెళుసవుతుంది. బయోటిన్ రోజుకు 20 మిల్లీగ్రాముల దాకా ఇవ్వడం మామూలే. సోయా చెక్కతో మెథియోనిన్ కూడా కొంత అందుతుంది.

ఓపిక మాత్రం కావాలి. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది, పాతదంతా పోయి కొత్తది రావడానికి ఏడాది దాకా పడుతుంది. కాబట్టి అడుగు అంచు చూస్తూ కూర్చోకండి. వెంట్రుకలు ఆగే గీత కింద కొత్తగా దిగుతున్న భాగం నున్నగా ఉందా లేదా చూడండి, జవాబు అక్కడే ముందు కనిపిస్తుంది.

గిట్టలతో పాటు జూలు, తోక వెంట్రుకలు కూడా ఊడుతుంటే సెలీనియం ఎక్కువైందేమో అనుమానించండి. అది అమైనో ఆమ్లాల్లో గంధకం ఉండాల్సిన చోట దూరి కెరటిన్‌ను చెడగొడుతుంది. అప్పుడు ఇంకో డబ్బా సప్లిమెంట్ కొనడం అంటే మంట మీద నూనె పోయడమే. ఇస్తున్న పొడులన్నీ ఆపి వెటర్నరీ డాక్టరుకు చూపించండి.

లక్షణం: ఈనిన గుర్రం చిక్కిపోతోంది, పిల్ల ఎదగడం లేదు

పాలిచ్చే మొదటి నెలలో 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 85 గ్రాముల లైసిన్ కావాలి, అంటే ఖాళీగా ఉన్నప్పటి కన్నా మూడు రెట్లు. మేతలో అంత లేకపోతే తల్లి తన కండనే కరిగించి పాలలో పోస్తుంది. లూసర్న్, సోయా చెక్క ఉన్న దాణా రెండూ కావాల్సిన సమయం ఇదొక్కటే అనొచ్చు. పాలు మానిన పిల్లకు గడ్డి, గింజలతోనే సరిపెట్టొద్దు.

లక్షణం: గుర్రపుశాలలో మూత్రం ఘాటు, నీళ్ళు ఎక్కువ తాగుతోంది

మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పరుపు ఎత్తులో వాసన చూడండి. నిలబడినప్పుడు తెలియని అమ్మోనియా అక్కడ కళ్ళు మండిస్తుంది. గుర్రం తల దించి తినేదీ, పిల్ల పడుకునేదీ ఆ గాలిలోనే, దాంతో ఊపిరితిత్తులు చెడతాయి. కారణం చాలాసార్లు మేతంతా లూసర్నే కావడం. మూడో వంతుకు తగ్గించి మిగతాది మామూలు గడ్డి పెట్టండి, గాలి ఆడనివ్వండి. మేత మారకుండానే నీళ్ళు తాగడం పెరిగితే అది వేరే సంగతి, డాక్టరును పిలవండి.

లక్షణం: ఊరికే బెదురుతోంది, ట్రిప్టోఫాన్ ఇవ్వమన్నారు

ఇవ్వకండి. ఈ అమైనో ఆమ్లం గుర్రాన్ని శాంతపరుస్తుందన్న ఆధారం బలహీనం. నోటి ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు పోనీల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి. గింజలు తగ్గించి, బయట తిరగనివ్వండి.

లక్షణం: అన్నీ మార్చాను, ఏమీ తేడా లేదు

ముందు ఎన్ని వారాలైందో చూసుకోండి. కండకు రెండు మూడు నెలలు పడుతుంది, ప్రతి రెండు వారాలకూ అదే వెలుతురులో పక్క నుంచి ఫోటో తీసి పోల్చండి. తర్వాత గడ్డిని ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, మేతలో పెద్ద భాగం అదే కదా. చివరగా సంచి చూడండి. పశువుల దాణా పెడుతుంటే అందులోని యూరియాతో గుర్రానికి లాభం లేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాంతో తయారు చేసే అమైనో ఆమ్లాలు గుర్రం ఒంటికి పెద్దగా పట్టవు. అంతకన్నా ముఖ్యం, పశువుల దాణాలో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉండొచ్చు. అది గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. అలాంటి సంచి ఉంటే ఈ పూట నుంచే ఆపేయండి.