కోవిడ్‌కూ షుగర్ నరాల జబ్బుకూ ఉమ్మడి జన్యువులు ఎలా వెతకాలి?

అనంతపురంలో బయోటెక్నాలజీ పిల్లలకు ఈ పని నేర్పిస్తుంటాను. ప్రతి బ్యాచ్ ఒకే చోట బోల్తా పడుతోంది. అందుకే రాస్తున్నాను.

కావాల్సినవి ల్యాప్‌టాప్, నెట్, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టి కొనాల్సింది ఏమీ లేదు.

ముందు డేటా. అమెరికా ప్రభుత్వ బయోటెక్నాలజీ సమాచార కేంద్రమైన ఎన్‌సీబీఐ నడిపే జీఈఓ భాండాగారంలో, రోగుల కణజాలంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచిన వివరాలు ఉచితంగా దొరుకుతాయి. కోవిడ్ రోగులది ఒకటి, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవారిది ఒకటి దించుకోండి. రెండూ మనుషులవే కావాలి, ఎలుకల డేటా కలపొద్దు. గుంపుకు 10 మందికన్నా తక్కువుంటే వదిలేయండి. పోలిక ఎవరితోనో కూడా చదవండి. కొన్ని డేటాల్లో ఆరోగ్యవంతులే ఉండరు, జబ్బు త్వరగా ముదిరినవారిని నిదానంగా ముదిరినవారితో పోల్చి ఉంటారు.

తర్వాత ఆర్‌లో పనిచేసే లిమ్మా ప్యాకేజీతో మారిన జన్యువుల జాబితా తీయండి. సవరించిన పీ విలువ (తేడా కేవలం కాకతాళీయమా అని అంచనా వేసే సంఖ్య, వేల జన్యువులను ఒకేసారి పరీక్షించినందుకు సరిచేసింది) 0.05 లోపు, మార్పు కనీసం 2 రెట్లు. జీఈఓ సైట్‌లోనే ఉండే జీఈఓ2ఆర్ అనే పనిముట్టులో ఒక్క నొక్కుతో కూడా వస్తుంది కానీ అలా చేయకూడదు. కోడ్ మీరే రాసుకుంటేనే ఏ నమూనా తేడాగా ఉందో మధ్యలో కంటపడుతుంది.

ఇప్పుడు అసలు మెట్టు, రెండు జాబితాలను కలపడం. ఇక్కడ తొందరపడొద్దు.

కర్నూలు ఓటర్ల జాబితా, కడప ఓటర్ల జాబితా పక్కపక్కన పెట్టండి. ఓబులేసులు, మస్తాన్‌లు, వెంకటసుబ్బయ్యలు రెండింట్లోనూ ఉంటారు. పేరు కలిసినంత మాత్రాన వాళ్లు చుట్టాలైపోరు. జన్యువులూ అంతే. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు సుమారు 20,000. కోవిడ్‌లో 1,500, నరాల జబ్బులో 800 మారాయనుకోండి. 1,500ను 800తో గుణించి 20,000తో భాగిస్తే 60. అంటే ఏ సంబంధం లేకపోయినా 60 దాకా కలుస్తాయి. మీకు 70 వస్తే అందులో విశేషం లేదు, 180 వస్తే ఆగి చూడాలి. ఇన్ని కలవడం కాకతాళీయమేనా అని లెక్కగట్టే హైపర్‌జియోమెట్రిక్ పరీక్ష చేయకుండా, రెండు వృత్తాలు కలిసే వెన్ బొమ్మ గీసి తెస్తే నేను వెనక్కి పంపేస్తాను. పైగా ఆ 20,000 కూడా గుడ్డిగా వాడకూడదు. రెండు డేటాల్లోనూ నిజంగా కొలిచిన జన్యువులెన్నో ఆ సంఖ్యే వేయాలి.

లెక్క నెగ్గాక కూడా రెండు చూడాలి. మొదటిది దిశ. కోవిడ్‌లో పెరిగిన జన్యువు నరాల జబ్బులో తగ్గితే, దాన్ని ఉమ్మడి అని రాయకండి. రెండోది కణాల పాళ్లు. కోవిడ్ ముదిరినప్పుడు రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరుగుతాయి. ఏ కణంలోనూ ఏమీ మారకపోయినా, న్యూట్రోఫిల్ జన్యువులన్నీ పెరిగినట్టే కనిపిస్తాయి. వాపు ఉన్న ఏ జబ్బుతో పోల్చినా ఇలాంటి జన్యువులు బయటపడొచ్చు. అందుకే ఒకటి రక్తం, ఇంకొకటి నరం ముక్క అయితే పోలికే పెట్టొద్దంటాను.

మిగిలినవాటిని, ప్రోటీన్ల మధ్య సంబంధాలు చూపే స్ట్రింగ్ అనే డేటాబేస్‌లో వేసి, సైటోస్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ సంబంధాల వల గీయండి. అరగంట పని. వల మధ్యలో వాపుకు సంబంధించిన ఐఎల్6, టీఎన్ఎఫ్ జన్యువులు వస్తే పొంగిపోకండి. వాటిమీద పరిశోధనలు ఎక్కువ కాబట్టి గీతలూ ఎక్కువే.

చివరగా, రాసేటప్పుడు మాట జాగ్రత్త. మనం కొలిచింది జన్యువుల చురుకుదనాన్ని, తల్లిదండ్రుల నుంచి వచ్చిన తేడాలను కాదు. వాటికి వేలమంది డీఎన్ఏను పోల్చే వేరే పద్ధతి ఉంది. కర్నూలు అమ్మాయి ఒకరు జాబితా చూసుకుని షుగర్ ఉన్న వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, "ఇది మన వంశంలోనే ఉంది నాన్నా" అనేసింది. ఆయన టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆయన అరికాళ్ల మంటలకు కావాల్సింది డాక్టర్ 10 గ్రాముల మోనోఫిలమెంట్ (సన్నని నైలాన్ పోగు) తాకించి చేసే స్పర్శ పరీక్ష. మన జాబితా అందుకు పనికిరాదని ఆయనకు నేనే ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది.