చెరువు పాచి కణాల్ని చంపకుండా చిప్‌లో వేరు చేసేది ఎట్లంటే

బుక్కరాయసముద్రం చెరువు నీళ్ళు ఒక సీసా తెచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే అన్ని సైజుల పాచీ కలిసిపోయి కనిపిస్తాది. పెద్ద కణాలు ఒక పక్క, చిన్నవి ఒక పక్క, అదీ ప్రాణంతో రావాలంటే స్పైరల్ చిప్ మంచిది, చిన్న పలకలో జిలేబీ చుట్టలాంటి సన్న కాలవ (ఛానల్) అనుకోండి. మలుపుల్లో నీళ్ళు తిరిగేటప్పుడు పెద్ద కణాలు లోపలి గోడ పక్కన వరస కడతాయి, చిన్నవి సుడిలో పడి బయటి వైపు పోతాయి. కణం సైజు ఛానల్ ఎత్తులో సుమారు 7 శాతం దాటాలి, అంటే 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎత్తుంటే 10 మైక్రాన్ల క్లామిడోమొనాస్ అనే పాచి వరసకొస్తాది, 3, 4 మైక్రాన్ల క్లోరెల్లా అనే పాచి రాదు. స్పైరులినా లాంటి పాచి పొడుగు పోగులు మాత్రం ఇందులో వేయద్దండి, అడ్డంపడి ఛానలే మూసుకుపోతాది.

చిప్‌కి పీడీఎంఎస్ (ఒక రకం సిలికాన్ రబ్బరు) 10 పాళ్ళు, దాన్ని గట్టిపరిచే క్యూరింగ్ ఏజెంట్ 1 పాలు కలిపి, వాక్యూమ్‌లో బుడగలు తీసేసి, కాలవ ఆకారం ఉండే మోల్డ్ (అచ్చు) మీద పోసి 80 డిగ్రీల్లో 2 గంటలు పెట్టి, ప్లాస్మాతో (కరెంటుతో చార్జ్ చేసిన గ్యాస్) గాజు పలకకి అతికిస్తే సరి.

అసలు కష్టం బుడగలతోనే. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియం (కణాల్ని ఉంచే పోషక ద్రవం) అట్లే ఎక్కిస్తే మన అనంతపురం ఎండకి చిప్‌లోకొచ్చేసరికి వేడెక్కి లోపలి గాలి బయటికొస్తాది, సూదిమొనంత బుడగ ఒక మలుపులో కూర్చుంటే చాలు, దాని వెనకే పచ్చగా కణాలు పేరుకుంటాయి, నాకు ఒక రోజంతా ఇట్లే పోయింది. అందుకే మీడియం ముందే బయటపెట్టండి, ఛానల్‌ని మొదట 70 శాతం ఇథనాల్‌తో తడిపి తర్వాత మీడియంతో బాగా కడగండి, ఇథనాల్ కొంచెం మిగిలినా కణాలు చచ్చిపోతాయి.

నీళ్ళని 40 మైక్రాన్ల జల్లెడలో వడగట్టాకే సిరంజిలో పోయండి. సిరంజిలో కణాలు అడుక్కి దిగిపోతాయి, మొదట చిక్కగా వచ్చి పది నిమిషాలకి పలచబడిపోతే కారణం ఇదే, లోపల చిన్న అయస్కాంతపు ముక్క వేసి బయటనుంచి ఇంకో అయస్కాంతంతో కదిలిస్తా ఉండండి. సిరంజిని నెట్టే పంపుని నిమిషానికి 0.2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, పెద్ద కణాలు గీతలా కనిపించేదాకా మెల్లగా పెంచండి, గీత వచ్చాక ఇంక పెంచద్దు. డునాలియెల్లా అనే పాచికి కణం చుట్టూ గట్టి గోడ ఉండదు, దానికి ఇంకా జాగ్రత్త.

బతికినవెన్నో చూడాలంటే ఈవాన్స్ బ్లూ అనే రంగు వేయండి, చచ్చిన కణమే నీలం పడతాది. చిప్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండుసార్లూ 200 కణాలు లెక్కపెట్టండి, ముందుది లేకుంటే తప్పు చిప్‌దో కల్చర్‌దో (మనం ఎక్కించిన పాచిదో) తెలీదు. క్లామిడోమొనాస్ కదలకుంటే చచ్చిందని పారబోయద్దు, అదురుకి తోకలు రాలిపోయుంటాయి, రెండు గంటలు నీడలో పెట్టి చూడండి, తోకలు మళ్ళీ మొలిచి ఈదతా ఉంటాయి.