బోల్ట్ యాక్షన్ రైఫిల్: కొనే ముందు, సీజన్ మొదలయ్యే ముందు

బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ పిడి పట్టుకుని బోల్ట్‌ని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే రకం) కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎంత గ్రూప్ వస్తుంది?" అనే, అంటే వరసగా కాల్చిన తూటాలు ఎంత దగ్గర దగ్గరగా తగులుతాయని. నా దృష్టిలో అది మూడోదో నాలుగోదో అవ్వాల్సిన ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది దాన్ని ఎక్కడ వాడతారు, ఎంతసేపు మోస్తారు, ఎలా కూర్చుని లేదా పడుకుని కాలుస్తారు అన్నది. ఈ రోజుల్లో ఓ మాదిరి కంపెనీ రైఫిల్ కూడా మంచి తూటా వేస్తే 100 మీటర్ల దూరంలో మూడు సెంటీమీటర్ల లోపు గ్రూప్ ఇస్తుంది, అంటే సుమారు ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, గురి తేడాను కోణంగా కొలిచే ప్రమాణం). 300 మీటర్ల పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10 సెంటీమీటర్లు, లెక్క వేస్తే దానికి కావాల్సిందీ దాదాపు అంతే. కాబట్టి తేడా తెచ్చేది గ్రూప్ అంకె కాదు, మీ పనికి సరిపోని రైఫిల్ కొన్నందువల్ల వచ్చే ప్రమాదాలు.

బరువు సంగతే చూడండి. లావు బ్యారెల్ (గొట్టం) ఉన్న టార్గెట్ రైఫిల్ స్కోప్‌తో కలిపి ఐదారు కిలోలు తేలిగ్గా దాటుతుంది. షూటింగ్ రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాలిస్తే అది వరం, కదలదు, వెనక్కి తక్కువ తన్నుతుంది. అదే రైఫిల్‌ని భుజాన వేసుకుని కొండ ఎక్కితే రెండు గంటల తర్వాత చేతులు లాగేస్తాయి, గొట్టం చివర ఎటు చూస్తోందో పట్టించుకునే ఓపిక ఉండదు, అసలు సమస్య అక్కడే. తిరగేసి చూస్తే, స్కోప్ లేకుండా మూడు కిలోలుండే సన్న బ్యారెల్ వేట రైఫిల్ ఉంటుంది కదా, దాంతో రేంజ్‌లో ఆగకుండా కాలిస్తే నాలుగైదు తూటాలకే గొట్టం వేడెక్కి గ్రూప్ చెదిరిపోతుంది, అది చూసి స్కోప్ తప్పనుకుని నాబ్‌లు తిప్పేస్తారు, ఆ తప్పు గురితోనే అడవికి వెళతారు. ఒక్క రైఫిల్‌తోనే రెండు పనులూ చేయాలంటే మధ్యస్తపు మందం బ్యారెల్, స్కోప్‌తో నాలుగున్నర కిలోల లోపు, అదీ నేను చెప్పేది. రెంటిలో ఏదో ఒకటి మీకు ముఖ్యమైతే మాత్రం దాని కోసమే కొనండి.

క్యాలిబర్ (తూటా సైజు) దగ్గర చాలామంది పెద్దదైతే మంచిదనుకుంటారు. .308 వించెస్టర్ 1952 నుంచి ఉంది, తూటాలు దాదాపు అన్ని చోట్లా దొరుకుతాయి, బ్యారెల్ ఎక్కువ కాలం వస్తుంది. 6.5 క్రీడ్‌మూర్ 2007లో వచ్చింది, గాలికి తక్కువ జరుగుతుంది, భుజానికి కూడా కాస్త తేలిక, అయితే గొట్టం .308 కంటే ముందే అరుగుతుంది. టార్గెట్‌కీ వేటకీ కలిపి ఒకటే అంటే ఈ రెండిట్లో ఏదైనా సరిపోతుంది. .300 వించెస్టర్ మాగ్నమ్ లాంటివి మొదటి రైఫిల్‌గా వద్దని గట్టిగా చెబుతాను. తన్ను .308 కంటే చాలా ఎక్కువ, కొన్ని పెట్టెల తూటాలు కాల్చేసరికి మీకు తెలియకుండానే ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటవుతుంది. టార్గెట్ మీద దాని వల్ల పోయేది ఒక పాయింట్. వేటలో గాయపడి పారిపోయిన జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. ఆ బాధ్యత మీదే.

చట్టం విషయం కొనే ముందే చూసుకోండి. వేట పూర్తిగా నిషేధం ఉన్న దేశాలున్నాయి, అక్కడ రైఫిల్ అంటే రేంజ్ మాత్రమే. అనుమతి ఉన్న చోట కూడా క్యాలిబర్‌కి నిబంధనలుంటాయి. ఉదాహరణకు జర్మనీలో రో డీర్ అనే చిన్న జింకకు తప్ప మిగతా గిట్టల జంతువులకు కనీసం 6.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 100 మీటర్ల దగ్గర 2000 జౌళ్ల శక్తి ఉండాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం లేని బుల్లెట్లే (తూటా మొనలో ఉండి గొట్టంలోంచి బయటికి వెళ్లే ముక్కలు) వాడాలి. రాగి బుల్లెట్ అదే బరువు సీసం బుల్లెట్ కంటే పొడవుగా ఉంటుంది, కాబట్టి బ్యారెల్ ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాడుల మెలిక) దానికి సరిపోతుందో లేదో కూడా అప్పుడే అడగాలి, కొన్నాక కాదు.

మ్యాచ్ బుల్లెట్ ముక్కు దగ్గర చిన్న రంధ్రం చూసి అది వేటకు బాగా విచ్చుకుంటుందని పొరబడేవాళ్లున్నారు. చాలా మ్యాచ్ బుల్లెట్లలో ఆ రంధ్రం తయారీ పద్ధతి వల్ల మిగిలేదే, శరీరంలో అది ఎలా ప్రవర్తిస్తుందో నమ్మకం లేదు. వేటకు వేట బుల్లెట్టే. బుల్లెట్ మారితే గురి మారుతుంది, రెండూ ఒకే బరువైనా సరే, అందుకే ఏ తూటాతో వేటకు వెళతారో దాంతోనే జీరో చేయాలి, అంటే స్కోప్ గురిపెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా సరిచేయాలి.

ఇప్పుడు చెప్పేది మాత్రం మళ్లీ చదవండి. బ్యారెల్ మీద చెక్కి ఉన్న పేరు, తూటా అడుగున ఉన్న పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా అని చూడకుండా లోడ్ చేయకండి. .300 బ్లాకౌట్ తూటా .223 చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) పట్టేస్తుంది, చాలాసార్లు బోల్ట్ కూడా మూసుకుంటుంది. 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 5.7 మిల్లీమీటర్ల గొట్టంలోకి దూరాల్సి వస్తే ఒత్తిడి పోవడానికి దారి ఉండదు, రైఫిల్ మీ మొహం దగ్గరే పేలిపోతుంది. ఈ రెండు రకాల రైఫిళ్లూ ఇంట్లో ఉంటే వాటి తూటాల డబ్బాలు వేర్వేరు అరల్లో ఉండాలి, బల్ల మీద ఒకేసారి రెండు రకాలు కనిపించకూడదు. వేరేవాళ్లు ఇంట్లో మందు నింపి చేసిన తూటాలు ఎంత స్నేహితుడు ఇచ్చినా మీ రైఫిల్‌లో వేయకండి.

యాక్షన్ గురించి. 1898 నాటి మౌసర్ డిజైన్‌లో ఒక పెద్ద కొక్కెం మ్యాగజైన్‌లోంచి వచ్చిన వెంటనే తూటా అంచును పట్టుకుంటుంది. ఇప్పటి రైఫిళ్లలో ఎక్కువ భాగం తూటాను ముందుకు నెట్టి, బోల్ట్ పూర్తిగా మూసుకునేటప్పుడే పట్టుకుంటాయి. రెండూ మంచివే, రెండో రకంలో మాత్రం ఒక మెలిక ఉంది. కంగారులో బోల్ట్‌ని ముందుకు తోసి, పిడి కిందికి తిప్పకుండా వెనక్కి లాగితే తూటా చాంబర్‌లోనే ఉండిపోవచ్చు. మళ్లీ తోస్తే రెండో తూటా మొన నేరుగా మొదటిదాని ప్రైమర్‌కి (తూటా అడుగున, దెబ్బ తగిలితే మందును అంటించే భాగం) గుద్దుకుంటుంది. ఆ రైఫిల్ కొంటే బోల్ట్‌ని ప్రతిసారీ పూర్తిగా తిప్పడం డమ్మీ తూటాలతో చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి. ఖాళీ అయిందని చూసుకునేటప్పుడు కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూడండి.

సేఫ్టీలో నాకు నచ్చేది వించెస్టర్ మోడల్ 70లో ఉండే మూడు స్థానాల రకం. మధ్య స్థానంలో పెడితే సేఫ్టీ ఆన్‌లో ఉండగానే బోల్ట్ తెరిచి తూటా తీసేయొచ్చు. కొన్ని పాత రెండు స్థానాల రైఫిళ్లలో సేఫ్టీ ఆన్‌లో ఉంటే బోల్ట్ తెరుచుకోదు, అంటే ఖాళీ చేయాలంటే ముందు పేలే స్థితికి తేవాలి, అది నాకు ఇష్టం లేదు. సెకండ్ హ్యాండ్ కొంటే ఆ మోడల్‌కి రీకాల్ ఉందేమో తప్పకుండా వెతకండి. రెమింగ్టన్ కంపెనీ 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న రైఫిళ్లను వెనక్కి పిలిచింది, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే అవకాశం ఉందనే కారణంతో. అలాంటివి చేతులు మారుతూనే ఉంటాయి.

ఖాళీ రైఫిల్‌తో చేసే చిన్న పరీక్ష ఉంది. తూటాలు గదిలోనే లేకుండా చూసుకుని, బోల్ట్ మూసి, సేఫ్టీ ఆన్ చేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి, తర్వాత సేఫ్టీ ఆఫ్ చేయండి. అప్పుడు టిక్ మన్నా, బోల్ట్‌ని గట్టిగా మూసినప్పుడు టిక్ మన్నా ఆ రైఫిల్ వద్దు, లేదా ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి. ట్రిగ్గర్ బరువు వేటకు కిలోన్నర అటూఇటూ ఉంటే చాలు. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు, గ్లౌజులు వేసుకున్నప్పుడు అరకిలో ట్రిగ్గర్ ప్రమాదమే, అది బల్ల మీది రైఫిల్‌కి సరే.

పాత మిలిటరీ రైఫిళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఒక మాట. బోల్ట్ మీద నంబరు, రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) మీద నంబరు ఒకటి కాకపోతే హెడ్‌స్పేస్ గేజ్‌తో (మూసిన బోల్ట్ తూటాను సరిగ్గా బిగించి పట్టుకుంటుందో కొలిచే సాధనం) కొలిపించకుండా కాల్చకండి. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ 8,00,000 నంబరు లోపు చేసినవాటి ఉక్కు పెళుసుగా ఉండే అవకాశం ఉంది, గోడకు అందంగా ఉంటాయి, అంతవరకే.

స్కోప్ బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నారో కొలిచే పానా) వాడండి, అంకె తయారీదారు చెప్పినదే. రింగ్ స్క్రూలకు సాధారణంగా రెండు న్యూటన్ మీటర్ల దగ్గర, స్టాక్‌ని (భుజానికి ఆనే భాగం) పట్టుకునే స్క్రూలకు అంతకంటే చాలా ఎక్కువ. స్కోప్‌కీ కంటికీ మధ్య తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఉండాలి, అదీ కూర్చున్నప్పుడే కాదు, పడుకుని ఎగువకు గురిపెట్టినప్పుడు కూడా చూడండి, ఎందుకంటే కనుబొమ్మ చీలేది ఎక్కువగా అప్పుడే. చెక్క స్టాక్ అయితే బ్యారెల్ కింద కాగితం దూర్చి చివరిదాకా జారుతుందో లేదో చూడండి. వానకు చెక్క ఉబ్బి బ్యారెల్‌కి తగిలితే గురి జరిగిపోతుంది, అప్పుడు అడవిలో చేయగలిగిందేమీ ఉండదు.

సీజన్‌కి కొన్ని వారాల ముందే రేంజ్‌కి వెళ్లండి. బల్ల మీద జీరో అయ్యాక లేచి, మోకాలి మీద, చెట్టుకు ఆనుకుని, పడుకుని కాల్చి చూడండి. అలా కాల్చినప్పుడు ఎంత దూరం దాకా ప్రతి తూటా అరచేయంత వలయంలో పడుతుందో అదే మీ వేట దూరం, అంతకు మించి కాల్చకండి. చల్లటి గొట్టం నుంచి వచ్చే మొదటి తూటా ఎక్కడ పడుతుందో వేర్వేరు రోజుల్లో రాసి పెట్టుకోండి, వేటలో పనికొచ్చేది ఆ ఒక్కటే. రైఫిల్‌ని విమానంలోనో గతుకుల రోడ్డు మీదో తీసుకెళితే అక్కడికి చేరాక మళ్లీ సరిచూసుకోవాలి.

కాల్చే ముందు బోల్ట్ తీసి గొట్టంలోంచి వెలుతురు చూడండి. నూనె పూసి దాచిన గొట్టాన్ని పొడి గుడ్డతో తుడవాలి. వేటలో కాలు జారి గొట్టం మొన మట్టిలోనో మంచులోనో దిగిందంటే అక్కడికక్కడే ఖాళీ చేసి, శుభ్రం చేసి, లోపల ఏమీ లేదని తేలాకే మళ్లీ లోడ్ చేయాలి. చాలామంది మొన మీద పల్చటి టేపు అంటిస్తారు, బుల్లెట్ ముందున్న గాలే దాన్ని చింపేస్తుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం కదలకండి, రేంజ్ నియమం అంతకంటే ఎక్కువ చెబితే అదే పాటించండి. శబ్దం మామూలు కంటే తక్కువగా, పొడిగా వినిపిస్తే ఆగిపోండి. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే అంతే. కళ్లద్దాలు తప్పనిసరి. రైఫిల్ శబ్దం 160 డెసిబెళ్ల దాకా వెళుతుంది, 140 దాటిన ఒక్క శబ్దం చాలు చెవి శాశ్వతంగా దెబ్బతినడానికి, మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి గొట్టం మొనకు బిగించేది) ఉంటే ఇంకా ఎక్కువ, పక్కవాళ్లకి కూడా. చెవిలో ప్లగ్, పైన మఫ్ రెండూ వేసుకోండి.

వేటలో నడిచేటప్పుడు, కంచె దాటేటప్పుడు, మంచె ఎక్కేటప్పుడు చాంబర్ ఖాళీగా ఉండాలి. మంచె మీదికి రైఫిల్‌ని తాడుతో లాక్కోండి, ఖాళీగా, మొన కిందికి. పొద కదిలిందని స్కోప్‌తో చూడకండి, ఆ పనికి బైనాక్యులర్ ఉంది, స్కోప్‌తో చూడటమంటే అక్కడున్నది మనిషైతే మనిషి మీదికి గురిపెట్టడమే. .30-06 లాంటి తూటా గాల్లోకి పోతే నాలుగు కిలోమీటర్లు దాటి పడగలదు, కాబట్టి గట్టు మీద, వెనకాల ఆకాశం తప్ప ఏమీ లేకుండా నిలబడ్డ జంతువు ఎంత పెద్దదైనా వదిలేయండి, వెనక మట్టి గోడలాంటి అడ్డం ఉంటేనే కాల్చండి.

తిరిగి వచ్చాక రైఫిల్ బోల్ట్ తీసి ఒక చోట, తూటాలు తాళం వేసిన ఇంకో చోట. తడిసిన రైఫిల్‌ని అదే కవర్‌లో వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. రేంజ్‌లో వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, ఏదైనా తినే ముందు చేతులు, మొహం సబ్బుతో చల్లటి నీళ్లతో కడుక్కోండి, ఎందుకంటే ప్రైమర్‌లోని సీసం చర్మం మీద ఉండిపోతుంది. సీసం బుల్లెట్‌తో కొట్టిన జంతువైతే గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ఉదారంగా కోసి పారేయండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు, గర్భిణులు ఉంటే.