దాతల జాబితాను సివిసీఆర్‌ఎంలోకి ఎక్కించేటప్పుడు

సివిసీఆర్‌ఎం అంటే స్వచ్ఛంద సంస్థలు దాతల వివరాలు నిర్వహించుకునే సాఫ్ట్‌వేర్. ఉచితమే, వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్ మీదా నడుస్తుంది. తంటా అంతా పాత ఎక్సెల్‌తోనే. హైదరాబాద్ సంస్థల జాబితాల్లో ఒకే దాత "కె. లక్ష్మి", "లక్ష్మి కె", "లక్ష్మి గారు"గా మూడుచోట్ల తేలతారు. ముందు పేరు, ఇంటిపేరు వేర్వేరు గడుల్లోకి విడదీయండి, "గారు" తీసేయండి. ఫోన్లలో +91, మొదటి సున్నా, ఖాళీలు తొలగించి పది అంకెలే ఉంచండి. నకళ్లను పట్టే నిబంధనలో ఫోన్ కలిస్తే 6 మార్కులు, పేరు కలిస్తే 4, హద్దు 10 పెట్టండి; రెండూ కలిస్తేనే నకలు. ఒకే నంబరు వాడే భార్యాభర్తలు ఒక్కరైపోరు.

ఎక్సెల్ జాబితాను సీఎస్‌వీ ఫైలుగా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో దాచండి, లేకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. మొదట ఇరవై వరుసలు మాత్రమే ఎక్కించి చూడండి. పాన్‌కు ప్రత్యేక గడి తప్పనిసరి: 80జీ (దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు) ఉన్న సంస్థ ఏటా మే 31లోగా 10బీడీ, అంటే విరాళాల వివరాల ఫారం, ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి.

సర్వర్‌లో క్రాన్ (నిర్ణీత వేళకు పనులు తనంతట నడిపే ఏర్పాటు) పెట్టకపోతే దాతలకు పంపే సామూహిక మెయిళ్లు కదలవు. సివిసీఆర్‌ఎం అసలు కోడ్‌ను మాత్రం ముట్టుకోవద్దు, తర్వాతి అప్‌డేట్ తుడిచేస్తుంది. మార్పులు ఎక్స్‌టెన్షన్‌గా, అంటే విడిగా జోడించే భాగంగా రాయండి.