వానలకు ముందు లారీ సామాను కొంటున్నారా? కొత్తదో రీకండిషన్‌దో ముందు తేల్చుకోండి

మే నెలాఖరు వచ్చిందంటే ఆటోనగర్లలో రద్దీ మొదలవుతుంది. వానలు పడేలోపు బ్రేకులు చేయించాలని, సెల్ఫ్ చూపించాలని అందరూ ఒకేసారి బండ్లు షెడ్డులో పెడతారు, మేస్త్రీ చీటీ రాసిస్తాడు, క్లీనర్ పరిగెత్తుకెళ్లి సామాను తెస్తాడు, గంటలో బిగించేస్తారు. రంగేసిన పాత సామాను కొత్త రేటుకు అంటగట్టాలంటే ఇంతకన్నా అనువైన సమయం ఉండదు. అందుకని లోడు ఒప్పుకోకముందే, చేతిలో నాలుగు రోజులు ఉన్నప్పుడే కొనండి. మీరే వెళ్లండి. బండి నుంచి విప్పిన పాతదాన్ని కూడా పట్టుకెళ్లండి, పక్కపక్కన పెడితే సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.

రీకండిషన్ సామాను, అంటే విప్పి బాగుచేసిన పాతది, కొనడమే తప్పని నేను అనను. డైనమో, సెల్ఫ్, ఎయిర్ కంప్రెసర్ లాంటివి మంచి పనివాడి చేతిలో పడితే మళ్లీ బాగానే నడుస్తాయి. టాటా మోటార్స్ అయితే ప్రోలైఫ్ పేరుతో బాగుచేసిన ఇంజిన్ల లాంటివి తనే అమ్ముతోంది, మన పాతది తీసుకుని. అక్కడ ఉన్న విషయం చెప్పి అమ్ముతారు. చెప్పకుండా కొత్తదని అమ్మేవాళ్లతోనే మనకు ప్రమాదం.

ఇక సామాను చేతిలోకి తీసుకున్నాక మెరుపు చూడకండి, రంగు ఎక్కడెక్కడ పడిందో చూడండి. కంపెనీలో చాలావరకు విడిభాగాలకు విడివిడిగా రంగో పూతో వేసి తర్వాత బిగిస్తారు. షెడ్డులో అంతా బిగించేసి ఒకేసారి స్ప్రే కొడతారు. అందుకే గాస్కెట్ అంచు మీద, వైరు మీద, నేమ్ ప్లేట్ మీద కూడా రంగు తుంపర ఉంటే అనుమానించాలి. అల్యూమినియం బాడీ అయితే ఇంకో గుర్తు ఉంది. ఇసుకతో కొట్టి శుభ్రం చేసినది ఒకే తీరుగా పేలవంగా బూడిద రంగులో కనిపిస్తుంది, మూలల్లో గోరు పెట్టి గీకితే సన్నటి ఇసుక రాలుతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది బోల్టు రంధ్రాల్ని. ఒకసారి బండికి బిగించి విప్పిన సామానుకి బోల్టు రంధ్రం చుట్టూ వాషర్ కూర్చున్న గుండ్రటి అచ్చు పడుతుంది. రంగు వేసినా వేలితో తడిమితే ఆ పల్లం తగులుతుంది, ఫోన్ లైటు పక్కనుంచి వాల్చి వేస్తే కంటికే కనిపిస్తుంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తదానికి ఆ అచ్చు ఎందుకు ఉంటుంది? బోల్టు తలల మూలలు కూడా చూడండి, స్పానర్ జారి అరిగిన మూలల్ని రంగు దాచలేదు.

సెల్ఫ్ మోటార్ కొనేటప్పుడు బెండిక్స్ (ఫ్లైవీల్‌కి తగులుకునే చిన్న పళ్ల చక్రం) పళ్లు చూడాలి, అంచులు నలిగి మొద్దుబారితే అది ఫ్లైవీల్‌ని చాలాసార్లు తిప్పినదే. డైనమోకి పుల్లీ గాడి అద్దంలా మెరిస్తే బెల్టు నడిచినట్టు లెక్క. చేత్తో తిప్పితే మెత్తగా తిరిగిందని మాత్రం మోసపోకండి, కొత్త బేరింగులు వేశారు కాబట్టి అలాగే తిరుగుతుంది. క్లచ్ ప్లేటు అయితే కొత్త లైనింగ్ వదిలేసి మధ్యలో షాఫ్టు దూరే పళ్లు చూడండి, పాత ప్లేటుకి అవి ఒకవైపు అరిగి ఉంటాయి. క్లచ్‌లోనే ఉండే ప్రెషర్ ప్లేట్ వేళ్ల కొనల మీద రిలీజ్ బేరింగ్ రాసుకున్న గీత కనిపిస్తే దాని సంగతి కూడా అంతే.

బ్రేకు, స్టీరింగ్ సామాను దగ్గర మాత్రం నేను బేరమే ఒప్పుకోను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లోనో, మారేడుమిల్లి దిగుడులోనో తడి రోడ్డు మీద లోడు బండికి ఏదైనా అయితే మిగిల్చిన డబ్బు ఎందుకూ పనికిరాదు. పాత డ్రమ్ముని లేత్ మీద కోసి నున్నగా చేసి అమ్ముతారు, చూడ్డానికి కొత్తదే. కోసిన కొద్దీ గోడ పలచబడుతుంది, పలచబడిన డ్రమ్ము దిగుడులో త్వరగా కాగిపోతుంది, బ్రేకు పట్టు వదిలేస్తుంది, పగుళ్లూ వస్తాయి. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం పోతలోనే అంకెల్లో ఉంటుంది, లోపలి కొలత తీయించి కొత్త డ్రమ్ము సైజుతో పోల్చండి. కొత్త డ్రమ్ము అన్నవాడు కొలవడానికి అడ్డు చెప్పడు. బ్రేక్ శూకి లైనింగ్ కొత్తగా ఉన్నా పిన్ను దూరే రంధ్రం కోడిగుడ్డులా సాగిందంటే పాత శూకి లైనింగ్ కొట్టినట్టే. టై రాడ్ ఎండ్, కింగ్ పిన్ లాంటి స్టీరింగ్ సామాను ఎంత తక్కువకిచ్చినా రీకండిషన్‌వి వద్దు.

పెట్టె చూసి నమ్మే అలవాటు మానేయాలి. షెడ్డుల్లో పారేసిన ఖాళీ ఒరిజినల్ పెట్టెలు మళ్లీ ఎవరి చేతికి పోతాయో తెలియదు. పెట్టె మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు పేరు, చిరునామా ఉండాలి, పెట్టె మీది పార్ట్ నంబరు లోపలి సామాను మీద నంబరుతో కలవాలి. నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ పెట్టినట్టుంటే అక్కడే వదిలేసి రండి. ఎస్‌కేఎఫ్ బేరింగులకి కంపెనీవాళ్ల ఆథెంటికేట్ యాప్ ఉంది, ఫొటోలు పంపితే అసలుదో కాదో వాళ్లే చెబుతారు. బండి నడిచి, గ్యారంటీకి పెట్టె అవసరం లేదని తేలాక దాన్ని ముక్కలుగా చింపేయండి, మీ పెట్టె ఇంకో డ్రైవర్‌ని ముంచకుండా.

బిల్లు లేకుండా మాత్రం కొనకండి. జీఎస్టీ మిగులుతుందని తెల్లకాగితం మీద రాయించుకుంటే రేపు అడగడానికి ఆధారం ఉండదు. బిల్లులో పార్ట్ నంబరుతో పాటు ‘కొత్తది’ అని రాయించండి, రాయడానికి నసిగితే జవాబు వచ్చేసినట్టే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రీకండిషన్ వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనన్నా అంతే. సొంత లారీ పెట్టుకుని దాని మీదే బతికేవాళ్లు కూడా ఈ చట్టం కింద వినియోగదారులే. షాపువాడు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చేసేముందు బిల్లునీ, ఆ వాషర్ అచ్చులనీ, సామాను మీది నేమ్ ప్లేటునీ దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి.