మిర్చి విత్తనం కొనే ముందు చూసుకోవాల్సినవి

ముందు తేల్చుకోవాల్సింది, ఎంత కారం కావాలన్నది. ప్యాకెట్ మీద ఫోటో చూసి మోజుపడకండి. హలపెన్యో రకం మిర్చి కారం 2,500 నుంచి 8,000 స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే లెక్క, అంకె పెరిగేకొద్దీ కారం ఎక్కువ). హబనేరోది 1,00,000 నుంచి 3,50,000. కరోలినా రీపర్ సగటున 15 లక్షలు దాటుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే రీపర్ లాంటివి వద్దనే నా మాట. అయినా ఒక్క మొక్క కాసే కాయలు ఎవరు తింటారు?

తర్వాత చూడాల్సింది వాతావరణం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. హలపెన్యో నారు నాటిన 70–80 రోజుల్లో కోతకొస్తుంది. హబనేరో, రీపర్‌లకు 90 నుంచి 120 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. వాటి విత్తనం మొలవడానికే 3–4 వారాలు పట్టొచ్చు, అదీ మట్టి 25–30 డిగ్రీల వెచ్చగా ఉంటేనే. వెచ్చని రోజులు తక్కువున్న చోట త్వరగా కాసే రకమే మేలు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి బాగా చల్లబడినా పూత రాలుతుంది. అప్పుడు రకాన్ని తిట్టి లాభం లేదు.

మిగతావి:

- రోజుకు కనీసం 6 గంటల ఎండ ఉందా?
- కుండీలో అయితే పొట్టిగా పెరిగే రకం.
- ఈమధ్య టమాటా, వంగ, బంగాళదుంప పెంచిన మట్టి వద్దు. తెగుళ్లు ఒకటే.
- విత్తనం దాచుకోవాలనుకుంటే ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలను కలిపి తీసిన మొదటితరం విత్తనం) కొనకండి, తర్వాతి తరం అలాగే రాదు. రెండు రకాలు పక్కపక్కనుంటే ఈసారి కాయలో కారం మారదు కానీ, విత్తనం కలగాపులగమవుతుంది.
- ఘాటు రకమైతే గ్లవ్స్ ముందే తెచ్చిపెట్టుకోండి.